ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంది? మిద్దెతోట టమాటాలో తెగుళ్ల లెక్క

స్వాతి కార్తెలో ముసురు పట్టి మూడు రోజులు వదలకపోతే, ఆ తర్వాతి వారంలో మేడ మీది టమాటా మొక్కల అడుగు ఆకులు తేడాగా కనిపిస్తాయి. గోధుమ రంగు మచ్చలు, మచ్చ చుట్టూ పసుపు అంచు, మచ్చ లోపల ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు. చూస్తుండగానే అడుగు ఆకులు మాడి వేలాడతాయి. మరో వారానికి తెగులు మొక్క నడుముకు ఎక్కుతుంది. అప్పటికి కాయలు ఇంకా గోలీలంతే ఉంటాయి. విత్తనం వేసి, నారు పోసి, నెలల తరబడి నీళ్లు మోసిన వారికి అది నిజంగా కడుపు తరుక్కుపోయే దృశ్యం. అప్పుడు అందరి నోటా వచ్చే మాట ‘ఏ మందు కొట్టాలి?’ అన్నది. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. గత పది రోజుల్లో ఆ ఆకులు రోజుకు ఎన్ని గంటలు తడిగా ఉన్నాయి?

ఈ తెగులు పేరు ఆకుమాడు తెగులు. మందుల దుకాణాల్లో ఎర్లీ బ్లైట్ అంటారు. కలిగించేది ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో తేలి వస్తాయి, కుండీలోని పాత మట్టిలో ఉంటాయి, నిరుడు పీకి మూలన పడేసిన టమాటా కట్టెలో ఉంటాయి, ఒక్కోసారి విత్తనంతో పాటే వస్తాయి. వాటిని తోటలో మచ్చుకైనా లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. అయితే పొడి ఆకు మీద పడిన బీజం నిస్సహాయమైనది. మొలకెత్తి ఆకు పొరలోకి దిగాలంటే దానికి నీటి చుక్క కావాలి, ఆ చుక్క కొన్ని గంటలు ఆరకుండా ఉండాలి. తెగులుకూ తోటమాలికీ మధ్య పోరు అంతా ఆ కొన్ని గంటల్లోనే జరుగుతుంది.

ఇది ఊహ కాదు, లెక్క కట్టిన విషయం. 1978లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు టమాటాలో ఈ తెగులు ఎప్పుడు విజృంభిస్తుందో ముందే చెప్పే ‘ఫాస్ట్’ అనే పద్ధతిని రూపొందించారు. తర్వాత కెనడాలోని ఒంటారియోలో దాన్నే తేలిక చేసి ‘టామ్‌కాస్ట్’గా రైతులకు అందించారు. అందులో చూసేవి రెండే: ఆకు తడిగా ఉన్న గంటలు, ఆ సమయంలో సగటు ఉష్ణోగ్రత. ఈ రెంటినీ బట్టి ప్రతి రోజుకూ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. సగటు 21–25 డిగ్రీలు ఉన్న రోజున ఆకు రెండు గంటలకు మించి తడిగా లేకపోతే మార్కు సున్నా. మూడు నుంచి ఐదు గంటలైతే ఒకటి, ఆరు నుంచి పన్నెండు గంటలైతే రెండు, పదమూడు నుంచి ఇరవై గంటలైతే మూడు, అంతకు మించితే నాలుగు. ఈ మార్కులు కూడి 15–20కి చేరినప్పుడు మందు కొట్టమని సలహా ఇస్తారు.

ఆ పట్టికను హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక మేడ మీదికి తెచ్చి చూస్తే కళ్లు తెరిపించే సంగతి బయటపడుతుంది. ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రం ఆరు గంటలకు పైపుతో మొక్కల నెత్తిన నీళ్లు చల్లడం చాలా ఇళ్లలో అలవాటు. అక్టోబరు, నవంబరు నెలల్లో అలా తడిసిన ఆకు రాత్రంతా ఆరదు. పైన మంచు కూడా తోడవుతుంది. మర్నాడు ఏడున్నరకు ఎండ తగిలేదాకా అది తడిగానే ఉంటుంది. అంటే పదమూడున్నర గంటలు, మూడు మార్కులు. ఒక్క చినుకైనా పడకుండానే వారంలో మార్కులు ఇరవై ఒకటికి చేరతాయి. అదే నీటిని ఉదయం ఏడు గంటలకు మొక్క మొదట్లో పోస్తే, ఆకుల మీద చిందిన నాలుగు చుక్కలూ తొమ్మిదికల్లా ఆరిపోతాయి, మార్కు సున్నా. మంచు పడే రోజుల్లో సున్నా కాకపోవచ్చు, కానీ తోటమాలి చేతులారా కలిపే భాగమైతే పోతుంది. ఆ పట్టిక ఉత్తర అమెరికా పొలాలకు తయారైనదే, ఇక్కడ అంకె అంకెకూ సరిపోతుందని అనుకోనక్కరలేదు. శిలీంధ్రం స్వభావం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. పైసా ఖర్చు లేకుండా నీళ్లు పోసే వేళ మార్చుకోవడం వల్ల కలిగే మేలు, వందల రూపాయల మందు డబ్బాతో కలిగేదానికి ఏ మాత్రం తీసిపోదు. సలహాల జాబితాల్లో దీన్ని ఎక్కడో చివర ఒక వాక్యంగా పడేయడం బాధాకరం.

వానను ఎవరూ ఆపలేరు. ఆకు త్వరగా ఆరేలా చూడటం మాత్రం చేతిలోనే ఉంది. రెండు కుండీల మధ్య రెండడుగుల ఎడం, మొక్కకు గట్టి ఊతం, ఆకు మొదళ్లలో పుట్టే పక్క పిలకల తుంచివేత: ఇవన్నీ చివరికి గాలి ఆడేందుకే. పిట్టగోడ పక్కన, గాలి మళ్లని మూలలో గుబురుగా పెరిగిన టమాటా చూడటానికి ముచ్చటగా ఉంటుంది. తెగులు మొదట పట్టేది కూడా దాన్నే. తూర్పు ఎండ నేరుగా తగిలే చోటుకు కుండీ జరిపితే ఉదయపు తడి గంటా గంటన్నర ముందే ఆరుతుంది. ముసురు నాలుగు రోజులు ఉంటుందని తెలిసినప్పుడు, కదిలించగల కుండీలను సన్‌షేడ్ కిందికి చేర్చడం అన్నిటికన్నా మంచి మందు. మిద్దెతోటకు పొలం మీద ఉన్న పైచేయి ఇదే. మదనపల్లె రైతు తన ఎకరం తోటను వాన నుంచి పక్కకు జరపలేడు.

తెగులు అడుగు నుంచే ఎందుకు మొదలవుతుంది? కారణాలు రెండు. మొదటిది అందరికీ తెలిసినదే: వాన చినుకు, పైపు ధార మట్టి మీద పడి చిందినప్పుడు ఆ చిందుతో పాటు బీజాలు అడుగు ఆకులకు అంటుకుంటాయి. మట్టి మీద రెండంగుళాల మందాన వరిగడ్డి గానీ ఎండాకులు గానీ పరిస్తే ఆ దారి మూసుకుపోతుంది. మొక్క రెండడుగులు దాటాక మట్టికి అడుగు ఎత్తు వరకూ ఉన్న ఆకులను నాలుగైదు రోజులకు రెండు మూడు చొప్పున, పొడి వాతావరణంలో తీసేయాలి. తడిగా ఉన్నప్పుడు మొక్కలను ముట్టుకోకపోవడమే మంచిది. ఒక మొక్క మీది బీజాలను మరో మొక్కకు చేరవేసేది చాలాసార్లు మన చేతులే. తీసిన ఆకులు కంపోస్టు డబ్బాలోకి వెళ్లకూడదు. ఇళ్లలో చేసే కంపోస్టు బీజాలు చచ్చేంతగా వేడెక్కడం అరుదు.

రెండో కారణం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. ఆకుమాడు ముసలి ఆకుల తెగులు, ఆకలి మీద ఉన్న ఆకుల తెగులు. కాయలు పడగానే మొక్క తన బలాన్నంతా వాటికి మళ్లిస్తుంది. పన్నెండంగుళాల కుండీలో ఉన్న కొద్దిపాటి మట్టిలోని పోషకాలు అప్పటికే అయిపోయి ఉంటాయి, రోజూ పోసే నీటితో కొంత కారిపోయి ఉంటుంది. నత్రజని చాలక అడుగు ఆకులు పాలిపోయిన వేళ శిలీంధ్రం సులువుగా లోపలికి దిగుతుంది. నిన్నటిదాకా నిగనిగలాడిన మొక్క కాయలు పడ్డాక ఒక్కసారిగా తెగులుకు చిక్కడంలో రహస్యం ఇదే. కనుక పూత దశ నుంచి పది పన్నెండు రోజులకోసారి గుప్పెడు వర్మి కంపోస్టో, బాగా చివికిన పశువుల ఎరువో, పలుచగా చేసిన ఆముదపు పిండి నీళ్లో ఇవ్వడం పోషణే కాదు, తెగులు నివారణ కూడా. అతిగా ఇస్తే మాత్రం మొక్క గుబురెక్కి గాలి ఆడదు, లేత ఆకును ఇష్టపడే వేరే తెగులుకు దారి ఏర్పడుతుంది.

ఆ వేరే తెగులే లేట్ బ్లైట్. దానితో తీరిక పనికిరాదు. 1845 నుంచి ఐర్లండులో బంగాళాదుంప పంటను నాశనం చేసి, సుమారు పది లక్షల మంది ప్రాణాలు తీసిన కరువుకు కారణమైనది ఇదే సూక్ష్మజీవి, ఫైటాఫ్తోరా. కచ్చితంగా చెప్పాలంటే ఇది అసలైన శిలీంధ్రం కాదు, నీటి నాచులకు దగ్గరి బంధువు. అందుకే శిలీంధ్రాల మీద పనిచేసే కొన్ని మందులు దీన్ని ఏమీ చేయలేవు. రాత్రులు 15–20 డిగ్రీలకు చల్లబడి, పొగమంచు, జల్లులు కలిసినప్పుడు వస్తుంది. ఆకుల మీద మరిగే నీళ్లు పడ్డట్టు ముదురాకుపచ్చ మరకలు, అడుగున తెల్లటి నూగు, కాండం మీద నల్లటి చారలు, పచ్చి కాయ మీద గట్టి గోధుమ మచ్చలు. ఇందులో వలయాలు ఉండవు, అడుగు ఆకుల నుంచే మొదలవ్వాలన్న నియమమూ లేదు. వారం పది రోజుల్లో మొక్క నిలువునా మాడుతుంది. నాలుగైదు మొక్కలున్న ఇంట్లో ఒకదానికి ఇది స్పష్టంగా సోకితే దాన్ని కాపాడబోవడం మిగిలినవాటికి ద్రోహమే. సంచిలో చుట్టి, మూతి కట్టి తీసేయడమే సరైన పని.

టమాటాకు వచ్చే ప్రతి కష్టమూ శిలీంధ్రం వల్ల రాదు. ఈ పొరపాటు వల్ల వృథా అయ్యే మందు చాలా ఎక్కువ. ఆకులు పైకి ముడుచుకుని మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. కాయ అడుగు నల్లగా, తోలులా అణిగిపోతే అది తెగులే కాదు. నీళ్లు ఒక రోజు పోసి రెండు రోజులు మరిచిపోవడం వల్ల కాయకు కాల్షియం అందకపోవడం. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి పగటిపూట వాలిపోతే కాండాన్ని కోసి గాజు గ్లాసులోని నీళ్లలో వేలాడదీయాలి. కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని దారం కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. అలా జారకుండా, కాండం లోపల గోధుమ గీతలు కనిపించి, మొక్కకు ఒక పక్క ఆకులే ముందు పసుపెక్కితే ఫ్యుజేరియం అనే మట్టి శిలీంధ్రం పట్టినట్టు. దానికి ఆకుల మీద ఏం కొట్టినా లాభం లేదు. మచ్చలు చిన్నవిగా, నడుమ బూడిద రంగుతో, అందులో సూదిమొనంత నల్లని చుక్కలతో ఉంటే సెప్టోరియా మచ్చ తెగులు. దానికి చేసే చికిత్స ఆకుమాడుకు చేసేదే. ఇక బూడిద తెగులు ఈ వ్యాసం లెక్కకు మినహాయింపు. దాని బీజాలు నీటి చుక్క అక్కరలేకుండానే మొలుస్తాయి, పొడి వాతావరణంలోనూ వ్యాపిస్తాయి. దానికి లీటరుకు మూడు గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం బాగా పనిచేస్తుంది. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గానీ, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గానీ గంధకం వాడితే ఆకులు కాలిపోతాయి.

మందుల సంగతి

శిలీంధ్ర నాశక మందుల్లో ఎక్కువ భాగం కంచెలాంటివి. మేకలు దూరాక కంచె వేసి లాభం లేదు. మాంకోజెబ్ గానీ, కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ ఆకు మీద పొరగా ఉండి, పడిన బీజాన్ని మొలవనివ్వవు. అప్పటికే లోపలికి దిగిన శిలీంధ్రాన్ని తాకలేవు, ఉన్న మచ్చను మాన్పలేవు. కాబట్టి మందు కొట్టాక మచ్చలు పోలేదని మోతాదు రెట్టింపు చేయడం అర్థం లేని పని. ఫలితం తెలిసేది ఆ తర్వాత విచ్చుకున్న కొత్త ఆకుల్లో.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే మరో పొరపాటు కార్బెండజిమ్. దుకాణంలో ‘శిలీంధ్రాల మందు’ అని అడిగితే చాలాసార్లు చేతికి వచ్చేది ఇదే. అనేక పంటల్లో మంచి మందే, కానీ ఆల్టర్నేరియా మీద పనిచేయదు, లేట్ బ్లైట్ మీద అసలే పనిచేయదు. టమాటాను కలతపెట్టే రెండు ప్రధాన తెగుళ్ల మీదా పనిచేయని మందు టమాటా మొక్కల మీద ఇంతగా పడుతుండటం విచారకరం.

రాగి మందుల చరిత్రలో ఒక ముచ్చట ఉంది. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో ద్రాక్ష రైతులు దారిన పోయేవారు పళ్లు కోసుకోకుండా రోడ్డు పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి నీలంగా చల్లేవారు. లోపలి తీగలన్నీ బూజు తెగులుతో మాడుతుంటే రోడ్డు పక్కవి పచ్చగా ఉండటాన్ని 1882లో మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించాడు. ప్రయోగాలు చేసి 1885లో ఆ మిశ్రమాన్ని ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. ఇంటి మోతాదుకు పది గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, పది గ్రాముల పొడి సున్నం మరో అర లీటరులో ప్లాస్టిక్ పాత్రల్లో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి కలుపుతూ పోయాలి. ఇనుప కత్తి మొనను కాసేపు ముంచి తీస్తే ఎర్రటి రాగి పూత పడకూడదు. పడితే ఇంకాస్త సున్నం కలపాలి. కలిపిన రోజే వాడేయాలి. లేత నారు మీద సగం గాఢతే చాలు. ఇంత శ్రమ అక్కరలేదనుకునేవారు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను లీటరుకు మూడు గ్రాముల చొప్పున కలిపి, వానలకు ముందు ఒకసారి, ఆ తర్వాత పది రోజులకోసారి ఆకు పైనా కిందా తడిసేలా పిచికారీ చేయవచ్చు. పిచికారీకి కూడా ఉదయమే సరైన వేళ. రాగి ఏళ్ల తరబడి మట్టిలో పేరుకుంటుందన్నది మరవకూడదు. చిన్న కుండీలో అది మరీ త్వరగా పేరుకుంటుంది.

మాంకోజెబ్ విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. అది విచ్ఛిన్నమైనప్పుడు థైరాయిడ్ గ్రంథికి హాని చేసే పదార్థం పుడుతుంది. వండినప్పుడు వేడికి కూడా అది ఏర్పడుతుంది. ఐరోపా సమాఖ్య 2020 డిసెంబరులో దీని అనుమతిని పొడిగించకుండా నిలిపివేసింది. మన దగ్గర ఇప్పటికీ విరివిగా అమ్ముతారు. వేలాది మొక్కల మీద బతుకు ఆధారపడిన రైతు లెక్క వేరు. పిల్లలు ఆడుకునే మేడ మీద, పచ్చిగా కొరుక్కుతినే కాయల మీద, పది మొక్కల కోసం దాన్ని వాడవలసిన అవసరం చాలా అరుదుగా వస్తుంది. వాడక తప్పదనుకుంటే పండినవన్నీ ముందు కోసుకుని, లేబుల్ మీద రాసిన విరామం రోజులు పూర్తయ్యాకే మళ్లీ కోయాలి. లేట్ బ్లైట్‌కు సిఫారసు చేసే మెటలాక్సిల్‌కు మరో చిక్కు ఉంది. దానికి లొంగని రకాలు 1980లోనే ఐర్లండు, నెదర్లాండ్స్ బంగాళాదుంప పొలాల్లో బయటపడ్డాయి. 2009–10 ప్రాంతంలో దక్షిణ భారతంలో టమాటాను తీవ్రంగా దెబ్బతీసిన ఫైటాఫ్తోరా రకం కూడా అలాంటిదే.

వంటింటి మందుల మీద నమ్మకం మన మిద్దెతోటల్లో చాలా గట్టిది. పులిసిన మజ్జిగకు ఉన్నంత పేరు మరి దేనికీ లేదు. ఇది వట్టి నమ్మకమే అని కొట్టిపారేయలేం. 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త బెట్టియోల్ ఆవుపాలను నీటిలో కలిపి పిచికారీ చేసి, గుమ్మడి జాతి మొక్కల్లో బూడిద తెగులును బాగా అదుపు చేయవచ్చని చూపారు. కానీ అది బూడిద తెగులు, అది గుమ్మడి. ఆ ఫలితాన్ని తెచ్చి టమాటా ఆకుమాడుకు అంటగట్టలేం. వంటసోడా కథా అంతే: బూడిద తెగులు మీద కొంత పనిచేస్తుంది, మాటిమాటికీ కొడితే అందులోని సోడియం కుండీ మట్టిలో చేరి వేళ్లకు చేటు చేస్తుంది. మజ్జిగ కొట్టాక తెగులు తగ్గిందని చెప్పేవారి తోటలో, తరచి చూస్తే, ఆ వారమే ఎండ కాసి ఉంటుంది లేదా ఆ ఉదయమే మచ్చలున్న ఆకులన్నీ గిల్లి ఉంటారు.

ట్రైకోడెర్మా మాత్రం ఆ కోవలోది కాదు. ఇది మేలు చేసే శిలీంధ్రం. మట్టిలోని చెడు శిలీంధ్రాలను తిని, వాటి చోటును తాను ఆక్రమిస్తుంది. నారుకుళ్లు, ఎండు తెగుళ్ల మీద దీని ఉపయోగం గట్టిది. తొమ్మిది కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, వంద గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీడలో తడి గోనెసంచి కప్పి వారం పది రోజులు ఉంచితే అది ఎరువంతా అల్లుకుంటుంది. ఆ తర్వాతే కుండీలో కలపాలి. దీన్ని వేసిన మట్టిలో వెంటనే రాగి మందు పోస్తే, డబ్బిచ్చి తెచ్చుకున్న మేలు శిలీంధ్రాన్ని చేతులారా చంపుకున్నట్టే.

విత్తనం ఎంపిక దగ్గర కూడా సగం పని తేలికవుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది. తర్వాత వచ్చిన అర్క అభేద్ వీటితో పాటు లేట్ బ్లైట్‌ను కూడా తట్టుకునేలా రూపొందింది. నాటు టమాటా పులుపు మీద మమకారం ఉన్నవారు దాన్నీ పెంచుకోవచ్చు, దాన్ని వానాకాలంలో కాక చలి తగ్గి ఎండ ముదిరే లోపు కాపు వచ్చేలా నాటుకోవాలి. సొంత విత్తనమైతే 50 డిగ్రీల వేడి నీటిలో సరిగ్గా 25 నిమిషాలు ఉంచి, చల్లార్చి ఆరబెడితే విత్తనంతో వచ్చే తెగుళ్లు చాలావరకు పోతాయి. థర్మామీటర్ లేకుండా చేస్తే మాత్రం విత్తనమే ఉడికిపోవచ్చు.

మిగిలింది మట్టి. టమాటా పెరిగిన కుండీలో మళ్లీ టమాటాయే కాదు, దాని దాయాదులైన వంగ, మిరప కూడా వేయకూడదు. తోటకూర, బెండ, చిక్కుడు వేయవచ్చు. స్థలం లేక తప్పనప్పుడు మన వేసవే దిక్కు. తడి మట్టిని పారదర్శకమైన పాలిథీన్‌తో కప్పి, ఎండ వేడితోనే తెగులు బీజాలను చంపవచ్చని 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త కటాన్, ఆయన సహచరులు నిరూపించారు. ఆ పనికి ఏప్రిల్, మే నెలల తెలుగు నేలను మించిన చోటు ఎక్కడ దొరుకుతుంది! కుండీల్లోని మట్టిని వేరు ముక్కలు ఏరేసి, మేడ మీద ఒక పట్టా పరిచి ఆరంగుళాల మందాన పోయాలి. బాగా తడిపి, పలుచటి పారదర్శక పాలిథీన్ కప్పి, గాలి చొరకుండా అంచుల మీద ఇటుకలు పేర్చాలి. నల్లది పనికిరాదు, వేడి లోపలికి దిగదు. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకుండా వదిలేస్తే, రోహిణి కార్తె ఎండలు ముగిసేసరికి పని పూర్తవుతుంది. మృగశిర చినుకులు పడ్డాక పాలిథీన్ తీసి, రెండు రోజులు ఆరనిచ్చి, ముందే సిద్ధం చేసుకున్న ట్రైకోడెర్మా ఎరువు కలిపి కుండీలు నింపితే, ఆగస్టులో నాటే నారుకు ఆ మట్టి సిద్ధంగా ఉంటుంది.